పోటొచ్చె పాటొచ్చె: మా నాయనమ్మ పాటలో ఒక్క ముక్కకి అర్థం చెప్పండి

వశిష్ఠ_పాయ · శనివారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మాది సఖినేటిపల్లి దగ్గర పల్లెటూరు, ఉద్యోగం హైదరాబాదులో. పోయిన వారం ఇంటికెళ్ళినప్పుడు మా నాయనమ్మ వంటింటి గుమ్మంలో కూర్చుని, చింతపండులో గింజలు తీస్తూ ఏదో కూనిరాగం తీస్తోంది. ఫోన్‌లో రికార్డ్ చేశాను. ఆవిడకి ఎనభై దాటాయి. పళ్ళు లేవు, సగం మాటలు గాలికే పోయాయి. పదిసార్లు విన్నా నాకు దొరికింది ఈ రెండు వరుసలే:

పోటొచ్చె పాటొచ్చె పొద్దుగూకొచ్చె
పడవెల్లినోడింక రాడాయె సువ్వీ

పోటు అంటే నొప్పి కదా, తలపోటులాగా. నొప్పి వచ్చింది, పాట వచ్చింది, పొద్దుగూకుతోంది, పడవెక్కి వెళ్ళినవాడు రాలేదు. బాధలోంచే పాట పుడుతుందని చదువు రాని ఆడవాళ్ళు ఎంత బాగా చెప్పారో చూడండి! దీన్నే వీడియోగా చేసి, వెనక వేణువు పెట్టి, "నొప్పి నుంచి పుట్టిన పాట" అని పేరు పెడదామనుకుంటున్నాను. మిగతా చరణాలు ఎవరికైనా వచ్చా? ఇలాంటివి ఎక్కడ దాచాలి?

డాలస్_గోదారి · శనివారం రాత్రి 9:40

అద్భుతం తమ్ముడూ! కళ్ళు చెమర్చాయి. మన పూర్వీకులు మామూలువాళ్ళా? ప్రతి పాటలో ఒక సైన్స్ ఉంటుంది. "కాళ్ళా గజ్జా కంకాళమ్మా" చిన్నపిల్లల ఆట అనుకుంటాం. నిజానికి అది గజ్జికి ఆయుర్వేద మందు! వెలగ మొగ్గ, మోదుగ, నిమ్మ, బచ్చలి, వరసగా చికిత్సే. మొన్న మా తెలుగు సంఘం గ్రూపులో వచ్చింది. ఇవన్నీ బళ్ళలో పాఠాలుగా పెట్టాలి.

బచ్చలికూర · శనివారం రాత్రి 10:05

డాలస్ అన్నయ్యగారూ, నా పేరు చూశారు కాబట్టి ఆ పాట మీద మాట్లాడే హక్కు నాకుంది. ఆయ్.

మా పాలకొల్లులో అరుగు మీద ఏడెనిమిది మందిమి కాళ్ళు చాపుకుని కూర్చునేవాళ్ళం. పెద్దపిల్ల ఒకర్తి ఒక్కో కాలి మీదా చెయ్యేసుకుంటూ పోయేది. పాట ఎవరి కాలి దగ్గర ఆగితే ఆ కాలు ముడుచుకోవాలి. మా చెల్లెలు ప్రతిసారీ మొదటే పోయేది, ఏడ్చేది, మళ్ళీ వచ్చి కూర్చునేది. మొగ్గ కాదు మోదుగ నీడ, నీడ కాదు నిమ్మల బావి, బావి కాదు బచ్చలికూర... ఒక మాట తోకని ఇంకో మాట పట్టుకుంటోంది, అంతే. అందులో బచ్చలి వచ్చింది బావిలోని "బ" కోసం. గజ్జికి మందైతే మరి మాకు గజ్జి వచ్చినప్పుడు మా అమ్మమ్మ పాట పాడకుండా వేపాకు, పసుపు ఎందుకు నూరిందండి?

ఇంతకీ నా బాధ మందు గురించి కాదు. పిల్లలు ఆడుకున్న పాటకి "ఆడుకున్నారు" అన్న గొప్ప సరిపోదా? దానికి తెల్లకోటు తొడిగితేనే విలువా?

డాలస్_గోదారి · శనివారం రాత్రి 10:21

చెల్లెమ్మా, వెటకారం మన గోదారి సొత్తే, ఒప్పుకుంటా. కానీ ఇక్కడ పుట్టిన మా పిల్లలకి ఏదో ఒక కారణం చూపించకపోతే వినరు. "సైన్స్" అంటే ఒక నిమిషం ఆగుతారు.

యానాం_రేవు · శనివారం రాత్రి 11:32

వేటకెళ్ళే ఇంటివాణ్ణి. పాట విన్నాను. వశిష్ఠ బ్రదర్, ఏమీ అనుకోకండి, మీరు మొదట్లోనే తప్పు రాశారు.

అది పాట కాదు. పాటు.

పోటు అంటే సముద్రం నీళ్ళు ఏట్లోకి ఎక్కడం. పాటు అంటే దిగిపోవడం. పుస్తకాల్లో ఆటుపోట్లు అంటారు, మా ఇంట్లో పోటూ పాటూ అనే అంటాం. రోజుకి రెండుసార్లు ఎక్కుతుంది, రెండుసార్లు దిగుతుంది. రేపటి పోటు ఇవాళ్టి కంటే ముప్పావుగంట, యాభై నిమిషాలు ఆలస్యం. అమావాస్యకీ పౌర్ణానికీ పోటు బలంగా ఉంటుంది. గడియారం లేని రోజుల్లో మొగ (ఏరు సముద్రంలో కలిసేచోటు) దగ్గరి పల్లెల్లో ఆడవాళ్ళకి ఇదే గడియారం. పాటు మీద సముద్రంలోకి దిగుతారు, పోటు మీద ఇంటికి ఎక్కుతారు. తెడ్డు కష్టం తగ్గుతుంది.

ఇప్పుడు మళ్ళీ చదవండి. పోటు వచ్చింది, అప్పుడు రావాల్సిన పడవ రాలేదు. పాటు కూడా వచ్చేసింది. పొద్దుగూకుతోంది. పడవెళ్ళినవాడు ఇంకా రాలేదు. ఇందులో నొప్పి అన్న మాట లేదండి. ఏట్లో నీళ్ళు లెక్కపెట్టుకుంటూ కూర్చున్న ఆడమనిషి ఉంది. మా అమ్మ ఇప్పటికీ అలాగే కూర్చుంటుంది, చేతిలో సెల్‌ఫోన్ ఉన్నా సరే.

వశిష్ఠ_పాయ · శనివారం రాత్రి 11:50

సిగ్గుగా ఉందండి. ఏటిగట్టుకి రెండు కిలోమీటర్ల దూరంలో పుట్టి ఆ మాట తెలియలేదు. వీడియో మా ఫ్యామిలీ గ్రూపులో అప్పుడే పెట్టేశాను. మా మేనత్త ఏడుపు బొమ్మలు ఆరు పెట్టింది. ఇప్పుడు తీసేయాలా?

బచ్చలికూర · ఆదివారం ఉదయం 6:15

వేణువు తీసేయండి ముందు.

రిటైర్డు_మాస్టారు · ఆదివారం ఉదయం 7:30

యానాం అబ్బాయి చెప్పింది నూటికి తొంభై పాళ్ళు ఒప్పు. ఆ మిగిలిన పది పాళ్ళ కోసం రామచంద్రపురం నుంచి ఒక ముసలాయన పేచీ.

చరణం చివర ఏముంది నాయనా? సువ్వి. అంటే ఇది పడవ పాట కాదు, దంపుడు పాట. ఇద్దరు ఆడవాళ్ళు ఒకే రోట్లో ఎదురెదురుగా వడ్లు దంచేటప్పుడు ఒక రోకలి పడుతుంటే రెండోది లేస్తుంది. లయ తప్పితే రోకళ్ళు ఢీకొంటాయి, లేదా వేళ్ళు నలుగుతాయి. దానికి తాళం ఈ సువ్వి. మరి రోకలి దెబ్బని ఏమంటారు? రోట్లో తల పెట్టి రోకటి పోటుకి వెరవడం అన్న సామెత మీరంతా విన్నదే. రోకటి పోటు! "పోటొచ్చె" అన్నచోట రోకలి దిగుతుంది, "పాటొచ్చె" అన్నచోట ఎదుటావిడ రోకలి దిగుతుంది అని నా ఊహ. ఏట్లో పోటు, రోట్లో పోటు, మన వశిష్ఠ గుండెలో పోటు. మూడూ ఆ మాటలో ఇమిడాయి.

ఇంకో సంగతి. మన రాజమండ్రి ప్రాంతంవారే నేదునూరి గంగాధరంగారు ఊళ్ళు పట్టుకు తిరిగి జానపద గేయాలు పోగేశారు. ఉస్మానియాలో బిరుదురాజు రామరాజుగారు 1950లలో ఈ పాటల మీదే పరిశోధన చేసి డాక్టరేట్ తీసుకున్నారు. అంతకు చాలా ముందు, 1874లోనే, బాయిల్ అనే దొర తెలుగు వీరగాథల మీద ఇంగ్లీషు పత్రికలో వ్యాసం రాశాడు. వాళ్ళు పూనుకోకపోతే ఎన్నో పాటలు మనకి దక్కేవి కావు. కానీ కాగితం మీద రాసుకున్న పాటలో రోకలి చప్పుడు ఎక్కడ? మాట మిగిలింది, దెబ్బ పోయింది. మీ చేతిలో ఫోన్ ఉంది, వాళ్ళకి లేనిది. అందుకని వేణువు కాదు, రోలు వినిపించండి.

జానపదం అంటే పాతరాతియుగం అనుకోకండి. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది 1852లో. దాన్ని కట్టిన కాటన్ దొర మీద సంస్కృతంలో శ్లోకం పుట్టి, గోదావరి స్నానంలో చదివేవాళ్ళూ తయారయ్యారు. ఇంగ్లీషు ఇంజనీరు భగీరథుడైపోయాడు! డెల్టాలో ఎన్ని ఊళ్ళలో గుర్రం మీద ఆయన విగ్రహం ఉందో చూడండి.

ఆకుమడి · ఆదివారం ఉదయం 9:02

మాస్టారికి నమస్కారం. నేను వ్యవసాయం మనిషిని, కాస్త అడ్డంగా మాట్లాడతాను.

వడ్ల మిల్లు వచ్చింది, దంపుడు పోయింది. దంపుడు పోయాక సువ్వి పోయింది. నాకేం ఏడుపు రాదు. మా అమ్మ తెల్లారుజామున నాలుగింటికి లేచి దంచేది. మిల్లు ఇంకో పదేళ్ళు ముందు వచ్చి ఉంటే ఆవిడ భుజాలు మిగిలేవి. ఊడుపుల పాటలూ అంతే. మా ఊళ్ళో సగం చేలు చేపల చెరువులూ రొయ్యల చెరువులూ అయిపోయాయి. మిగిలిన సగంలో ఊడుపులకి ఈమధ్య బెంగాల్ నుంచి కూలీల ముఠాలు వస్తున్నాయి. మొన్న సార్వాలో (వానాకాలం పంటలో) గట్టు మీద నిలబడి విన్నాను. వాళ్ళు పాడుకుంటున్నారు, బెంగాలీలో. ఒక్క ముక్క అర్థం కాలేదు కానీ నడుం వంచి నాటేటప్పుడు ఆ ఊపు మాత్రం మా ఆడవాళ్ళదే.

కాబట్టి పాటని బతికించాలంటే పనిని బతికించాలి అని ఎవరైనా అంటే, ముందు వాళ్ళని ఒక కుంచం వడ్లు దంచమనండి.

పేట_కుర్రోడు · ఆదివారం ఉదయం 10:48

ఆకుమడిగారి మాటకి నా ఓటు. దాని మీద ఇంకో మాట.

"మన సంస్కృతి" అని అందరూ రాస్తున్నారు. మీ చేలో ఊడ్చింది మా పేట ఆడవాళ్ళు. ఆ పాటలు కట్టింది వాళ్ళే. పుస్తకంలోకి ఎక్కేసరికి "జానపదం" అయిపోయాయి, పేరు లేదు, ఊరు లేదు. డప్పూ అంతే. జాతర ముందు నడవాలి, గుళ్ళోకి మాత్రం రాకూడదు అన్న రోజులు మా తాత చూశాడు. ఇప్పుడు అదే డప్పు స్టేజీ మీద "ప్రాచీన కళ".

మా నాయనమ్మకి ఊడుపు పాటలు బోలెడు వచ్చు. గట్టు మీద గొడుగేసుకుని నిలబడ్డ ఆసామి మీద అక్కడికక్కడ చరణం కట్టేవారట. ఆయన మీసం మీద, ఆయన కొలిచే తప్పుడు కుంచం మీద. ఆయనకి వినిపిస్తుంది కానీ పాట కదా, ఏమనగలడు? ఇంకా కొన్ని పాటలు ఉన్నాయి, ఇక్కడ రాస్తే అడ్మిన్ నన్ను గెంటేస్తారు. పోగేసేవాళ్ళు అలాంటివన్నీ వదిలేసి పాతివ్రత్యం మీద పాటలే తీసుకెళ్తారు. అదీ నా కోపం.

రికార్డ్ చేస్తానంటే ఆవిడ ఏమందో తెలుసా? "ఆ పాట పాడితే నడుం నొప్పి గుర్తొస్తాదిరా, నాకొద్దు" అంది. నేను మళ్ళీ అడగలేదు.

రిటైర్డు_మాస్టారు · ఆదివారం ఉదయం 11:20

బాబూ, నేను ముప్పయ్యేళ్ళు పాఠం చెప్పాను. జానపద గేయం పాఠం వచ్చినప్పుడల్లా "అజ్ఞాత కర్త" అనే చెప్పాను. తెలియని కర్త కాదు, అడగని కర్త అని ఇప్పుడు అనిపిస్తోంది. మీ నాయనమ్మగారిని బలవంతం చేయకపోవడం మంచి పని.

డాలస్_గోదారి · ఆదివారం మధ్యాహ్నం 12:10

ఇవన్నీ చదివాక నోరు పడిపోయింది. అయినా ఒకటి అడుగుతాను. గుర్తింపు వస్తే కళలు బతుకుతాయి కదా? 2023 రిపబ్లిక్ డే పరేడ్‌లో మన కోనసీమ ప్రభల తీర్థమే రాష్ట్ర శకటంగా ఢిల్లీలో నడిచింది. టీవీలో చూసి ఇక్కడ అర్ధరాత్రి కేకలేశాను. ఏదీ చేయకపోవడం కంటే అది మేలు కాదా?

బచ్చలికూర · ఆదివారం మధ్యాహ్నం 1:05

మేలే. నేనూ కేకలేశాను, అందులో దాపరికం లేదు. కానీ ప్రభల తీర్థం శకటం వల్ల బతకట్లేదండి.

మా అత్తగారిది అంబాజీపేట వైపు. కనుమ రోజు జగ్గన్నతోటకి పదకొండు ఊళ్ళ రుద్రులు ప్రభల మీద వస్తారు. వెదురు దబ్బలతో కట్టి, రంగు బట్టలు, కాగితం పూలు చుట్టి, మనుషులు భుజం మీద మోస్తారు. దారి పొడవునా "అశ్శరభా" అని కేకలు. రోడ్డుంటే రోడ్డు, లేకపోతే పచ్చటి చేలో పడి. చేను తొక్కారని రైతు గొడవపడడు, తన చేలోంచి స్వామి వెళ్ళాడని మురిసిపోతాడు. గంగలకుర్రు ప్రభ కౌశిక కాలువలో పీకల్లోతు నీళ్ళలో దిగి దాటుతుంటే చూడాలి. మా మరిది ఏడాదంతా బెంగళూరులో ఏసీలో కూర్చుని, ఆ ఒక్క రోజు భుజం కాయ కాచేలా మోసి, వారం రోజులు అమృతాంజనం రాయించుకుంటాడు. మా ఊరి ప్రభ పొరుగూరి ప్రభ కంటే పొట్టిగా ఉంటే ఏడాదంతా తలెత్తుకోలేం. ఆ పౌరుషం ఉన్నన్నాళ్ళూ దాన్ని ఎవరూ కాపాడక్కర్లేదు.

సువ్వి పాటకి అలాంటి దిక్కు లేదు. అదీ తేడా. తోలుబొమ్మలాటకీ లేదు. కాకినాడ దగ్గర మాధవపట్నంలో ఇప్పటికీ ఆ కళాకారుల కుటుంబాలు ఉన్నాయి. నవ్వించే బొమ్మలు బంగారక్క, కేతిగాడు తెర మీదకి రాగానే మా చిన్నప్పుడు నిద్రపోతున్న పిల్లల్ని తట్టి లేపేవాళ్ళు. ఆటకి పిలిచేవాళ్ళు ఉండాలి కదా, ఊరికే చప్పట్లు కొడితే ఇంట్లో పొయ్యి వెలగదు.

కొబ్బరిమట్ట (అడ్మిన్) · ఆదివారం మధ్యాహ్నం 2:30

చర్చ బాగుంది, పేట తమ్ముణ్ణి గెంటే ఉద్దేశం లేదు. వశిష్ఠ అడిగిన రెండో ప్రశ్న, ఎక్కడ దాచాలి అన్నది, అందరూ మర్చిపోయారు. నేను మా ఊళ్ళో ఒక డజను మందివి రికార్డ్ చేశాను, చేసిన తప్పులు చెప్తాను.

వాట్సాప్‌లో పంపితే ఆడియోని నలిపేస్తుంది, ఫోన్‌లో ఉన్న అసలు ఫైలే దాచండి. ఫ్యాన్ ఆపండి, నా మొదటి మూడు రికార్డింగుల్లో ఫ్యానే పాడింది. పాట అవ్వగానే "సూపర్ మామ్మా" అని అరిచి ఆపేయకండి. అసలు కబుర్లు ఆ తర్వాతే వస్తాయి: ఎవరి దగ్గర నేర్చుకుంది, ఏ పనిలో పాడేది, ఎవరి ముందు పాడేది కాదు. మా మామ్మ ఒక పాట పాడి, "ఇది మగాళ్ళుంటే పాడం" అంది. నేను మగాణ్ణే అని గుర్తొచ్చి ఇద్దరం నవ్వుకున్నాం. ఫైలు పేరులో ఊరు, తేదీ, పని రాయండి. లేకపోతే రెండేళ్ళ తర్వాత ఏది ఎవరిదో మీకే తెలియదు.

పాడినవాళ్ళు సరేనంటేనే బయట పెట్టండి, పేరు వేయమంటే వేయండి. వికీమీడియా కామన్స్‌లో (ఇంటర్నెట్‌లో అందరికీ తెరిచి ఉంచిన ఫైళ్ళ కొట్టు) పెడితే ఎవరైనా వాడుకోవచ్చు, ఆ సంగతి ముందే ఆవిడకి అర్థమయ్యేలా చెప్పాలి. "ఎవరైనా అంటే సినిమావాళ్ళు కూడానా?" అని అడిగింది మా మామ్మ. అవునన్నాను. "అయితే ఒద్దు" అంది. ఆ పాట నా హార్డ్ డిస్కులోనే ఉంది.

యానాం_రేవు · ఆదివారం సాయంత్రం 4:12

వశిష్ఠ బ్రదర్, మాస్టారు నా పోటుని రోట్లో వేశారు. నాయనమ్మనే అడగండి, తేలిపోతుంది.

వశిష్ఠ_పాయ · తర్వాతి ఆదివారం రాత్రి 8:45

అడిగాను. రెండు రోజులు సెలవు పెట్టి మరీ వెళ్ళాను. కాస్త పొడుగుగా రాస్తున్నాను, ఓపిక పట్టండి.

కూర్చోబెట్టి పాడమంటే అవే రెండు వరుసలు పాడి ఆగిపోయింది. "ఇంకేటుంది, మర్సిపోయేను" అంటుంది. మాస్టారు రోలు వినిపించమన్నారు కదా అని రోకలి కోసం వెతికాను. ఇంట్లో లేదు. నర్సాపురంలో పెళ్ళి సామాన్లు అద్దెకిచ్చే షాపులో దొరికింది. పసుపు దంచే వేడుకకి వాడతారట. పసుపు రంగు వేసి, ఎర్ర చుక్కలు పెట్టి, చివర కుచ్చులు. రోజుకి రెండు వందలు. ఆనందంగా పట్టుకెళ్ళాను. నాయనమ్మ ఒక చేత్తో ఎత్తి చూసి, "ఇది రోకలి కాదురా, బొమ్మ. బరువేదీ?" అని పక్కన పడేసింది.

అప్పుడు మా పాలేరు చెప్పాడు, పాతది పశువుల సావిట్లో తలుపుకి అడ్డంగా పెట్టుకుంటున్నామని. నల్లగా, పేడ అంటుకుని ఉంది. అడుగున ఇనుప పొన్ను తుప్పు పట్టింది. మధ్యలో చెయ్యి పట్టుకునేచోట అరిగి సన్నబడింది. కడిగి తెచ్చి ఇస్తే నాయనమ్మ ఆ అరిగినచోటే పట్టుకుంది. చూడకుండానే. రోలు మాత్రం పెరట్లోనే ఉంది, తులసి మొక్క పక్కన. కుందెన (వడ్లు చిందకుండా రోటి మీద పెట్టే చుట్టు) ఎప్పుడో పోయింది. దోసెడు వడ్లు పోశాం. ఆవిడకి లేపే ఓపిక లేదు కదా, ఎదురుగా మా మేనత్త ఇంకో దుడ్డుకర్ర పట్టుకుని దంచింది. నాయనమ్మ రోకలిని ఊరికే జానెడు ఎత్తి వదులుతోంది.

నాలుగో దెబ్బకి మూడో చరణం వచ్చింది. ఆ తర్వాత ఇంకో రెండు. ఆవిడే ఆశ్చర్యపోయి మధ్యలో ఆగి నా మొహం చూసింది. మొత్తం ఐదు చరణాలు, ఫ్యాన్ లేదు, వేణువు లేదు. కాకి ఒకటి ఉంది.

అయ్యాక పోటు సంగతి అడిగాను. ఏటి పోటా, రోకటి పోటా అని. "ఏటి పోటేరా. మా నాన్న పడవ మీద కొబ్బరికాయలేసుకుని ఎల్లేవోడు, మాయమ్మ దంచతా పాడేది" అంది. యానాం గెలిచాడు అనుకున్నాను. అంతలో రోకలి మళ్ళీ ఒకసారి ఎత్తి వదిలి, "కానీ పోటు అన్నప్పుడు ఇది పడాల. పడకపోతే ఎదురుగున్నదాని సెయ్యి సితికిపోద్ది" అంది. మాస్టారూ, మీ పది పాళ్ళు మీకు దక్కాయి.

నొప్పి అని నేను చెప్పిన అర్థం కూడా చెప్పాను. చాలాసేపు నవ్వింది. "అదీ ఉందిలే" అంది.

బయట పెట్టనా అంటే, ముందు అంతర్వేదిలో ఉన్న వాళ్ళ చెల్లెలికి వినిపించమంది. మూడో చరణంలో ఆవిడ ఎప్పుడూ తప్పు పాడేదట, ఇప్పుడైనా దిద్దుకుంటుందని.

బచ్చలికూర · తర్వాతి ఆదివారం రాత్రి 9:01

చెల్లెలు ఏమంది?

వశిష్ఠ_పాయ · తర్వాతి ఆదివారం రాత్రి 9:30

ఫోన్‌లో విని, తప్పు మా నాయనమ్మదే అంది. వచ్చే వారం తన రోకలి పట్టుకుని వస్తానంటోంది.